రెనాటో శాంచెస్‌ని ‘ఫ్లాప్’ బాక్సులో వేయడం అన్యాయం

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆటల పేజీలో ‘మెరిసి మాయమైన కుర్రాళ్లు’ అని ఒక బాక్స్ వేశారు. అందులో పోర్చుగల్ మిడ్‌ఫీల్డర్ రెనాటో శాంచెస్ గురించి రెండే రెండు ముక్కలు: 2016 యూరో కప్‌లో అదరగొట్టాడు, జర్మనీ క్లబ్ బేయర్న్ మ్యూనిక్ వెళ్లాక కనుమరుగయ్యాడు. మొదటిది నిజం. రెండోది తప్పు. పైగా అప్పట్లో ఆ కుర్రాణ్ని మునగచెట్టు ఎక్కించినవాళ్లలో పత్రికలూ, మాలాంటి అభిమానులూ అందరం ఉన్నాం, ఇప్పుడు కింద నిలబడి పడిపోయాడని నవ్వితే ఎలా?

అతను లిస్బన్ క్లబ్ బెన్ఫికా సీనియర్ జట్టులోకి వచ్చింది 2015 అక్టోబర్‌లో. అప్పటికి 18 నిండి రెండు నెలలు దాటింది, అంతే. డిసెంబర్‌లో అకాడెమికా మీద చాలా దూరం నుంచి ఒక గోల్ కొట్టాడు, ఇక లిస్బన్‌లో ఎవరి నోట విన్నా అతని పేరే. మరుసటి మే నెలలో, యూరో కప్ ఇంకా మొదలు కాకముందే, బేయర్న్ 3.5 కోట్ల యూరోలు పెట్టి కొనేసింది, షరతులన్నీ నెరవేరితే ఇంకో 4.5 కోట్ల దాకా బోనస్‌లు. గమనించండి, సీనియర్ ఫుట్‌బాల్ ఆడి అప్పటికి ఏడాది కూడా కాలేదు!

యూరో కప్ సంగతి అందరికీ తెలిసిందే. క్వార్టర్‌ఫైనల్లో పోలండ్ రెండో నిమిషంలోనే గోల్ కొట్టేస్తే, సహచరుడు నానీతో పాస్ ఇచ్చిపుచ్చుకుని ఎడమకాలితో కొట్టి స్కోరు సమం చేసింది ఇతనే. ఫైనల్లో రొనాల్డో మోకాలి దెబ్బతో మొదట్లోనే బయటికి వెళ్లిపోయాడు, శాంచెస్ 79వ నిమిషం దాకా ఉన్నాడు. అతని స్థానంలో వచ్చిన ఎడెరే ఎక్స్‌ట్రా టైమ్‌లో ఫ్రాన్స్ మీద కప్పు తెచ్చిన గోల్ కొట్టాడు. టోర్నీ ఉత్తమ యువ ఆటగాడు శాంచెస్, ఐరోపాలో ఉత్తమ యువ ఆటగాడికిచ్చే గోల్డెన్ బాయ్ అవార్డూ ఆ ఏడాది అతనికే. ఇంత జరుగుతుంటే ఇంకోపక్క ఇతనికి 18 కాదు, 23 ఉంటాయని ఫ్రాన్స్‌లో పేరున్న పాతతరం క్లబ్ కోచ్ గీ రూ లాంటివాళ్లు బాహాటంగా అనేశారు. పుట్టుక నమోదు ఆలస్యంగా జరిగిందని ఒక సాకు దొరికింది కదా. ఆ కండలు, ఆ దూకుడు చూసి నమ్మలేకపోయారేమో గానీ, ఆ వయసు పిల్లాడికి అది ఎంత టెన్షన్ పెట్టి ఉంటుందో ఎవరూ ఆలోచించలేదు.

ఇక బేయర్న్. అక్కడ మిడ్‌ఫీల్డ్‌లో అప్పటికే ఛాబీ అలోన్సో, విదాల్, థియాగో ఉన్నారు. వాళ్లలో ఎవర్ని కూర్చోబెట్టి ఇతన్ని ఆడిస్తారు? ఆ సీజన్ లీగ్‌లో 17 మ్యాచ్‌ల్లో దిగాడు, ఎక్కువసార్లు సబ్‌స్టిట్యూట్‌గానే, గోల్ ఒక్కటీ లేదు. తర్వాత లోన్ మీద, అంటే కొంతకాలానికి అరువుగా, ఇంగ్లండ్‌లో స్వాన్సీకి పంపారు. చెల్సీతో మ్యాచ్‌లో సొంత ఆటగాడు అనుకుని సైడ్‌లైన్ అవతల ఉన్న ప్రకటన బోర్డుకి పాస్ ఇచ్చాడే, ఆ వీడియో ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది. చాలామందికి రెనాటో శాంచెస్ అంటే ఆ కొన్ని సెకన్లే. ఆ సీజన్‌లోనే తొడ వెనక కండరం పట్టేసి చాలాకాలం ఆటకు దూరమయ్యాడని మాత్రం ఎవరికీ గుర్తుండదు.

మీ బాక్స్ సరిగ్గా ఇక్కడ ఆగిపోయింది. ఆ తర్వాత ఏం జరిగిందో కూడా చెప్పాలి కదండీ. 2018 సెప్టెంబర్‌లో ఛాంపియన్స్ లీగ్‌లో బేయర్న్ తరఫున బెన్ఫికా మైదానంలోనే గోల్ కొట్టాడు, పాత ఊరన్న గౌరవంతో సంబరం చేసుకోలేదు, బెన్ఫికా అభిమానులు లేచి చప్పట్లు కొట్టారు. 2019లో 2 కోట్ల యూరోలకు ఫ్రాన్స్ క్లబ్ లిల్‌కి వెళ్లాడు. 2020-21లో నెయ్‌మార్, ఎంబాపే ఉన్న పారిస్ జట్టుని ఒక్క పాయింట్ తేడాతో వెనక్కి నెట్టి లిల్ లీగ్ ఛాంపియన్ అయింది, ఆ జట్టు మిడ్‌ఫీల్డ్‌లో ఇతనున్నాడు. అదే వేసవిలో యూరో కప్‌లో పోర్చుగల్ తరఫున, బుడాపెస్ట్‌లో ఫ్రాన్స్ మీద 2-2తో ముగిసిన మ్యాచ్‌లో మొదటి నుంచి దిగి, బంతి తీసుకుని ఎదుటివాళ్ల మధ్యలోంచి దూసుకుపోతుంటే కళ్లు తిప్పుకోలేకపోయాం. కనుమరుగైనవాడు చేసే పనులా ఇవి?

ఆపైన పతనం ఉంది, కాదనను. 2022లో పారిస్ సెయింట్ జర్మన్, తర్వాత లోన్ మీద ఇటలీలో రోమా, మళ్లీ బెన్ఫికా, 2025లో గ్రీస్‌లో పనాథినాయికోస్. రోమాలో ఒకసారి కోచ్ మౌరీనో విరామం తర్వాత దింపి 18 నిమిషాలకే వెనక్కి పిలిచేశాడు, తర్వాత తనే క్షమాపణ చెప్పాడు. కారణం మాత్రం పొగరో బద్ధకమో కాదు, కండరాలు. ఒక్కసారిగా వేగం అందుకుని బంతితో పరిగెత్తడమే ఇతని ఆట, ఆ ఆటకి తొడలే పెట్టుబడి, అవే మాటిమాటికీ మొండికేశాయి. రెండు నెలలు కోలుకోవడం, రెండు మ్యాచ్‌లు ఆడటం, మళ్లీ మొదటికి రావడం. దీన్ని ఫ్లాప్ అంటే గాయపడ్డ ప్రతివాడూ ఫ్లాపే.

మనవాళ్ల విషయంలోనూ చేసేది ఇదే. అంబటి రాయుడు టీనేజ్‌లో ఉండగానే కాబోయే సచిన్ అన్నారు, ఇండియా క్యాప్ అందుకునేసరికి 2013 వచ్చేసింది. ఆ మధ్యలో ఎన్ని బిరుదులిచ్చామో, ఎన్ని వెనక్కి తీసుకున్నామో మీ పాత సంచికలు తిరగేస్తే తెలుస్తుంది. ఇప్పుడు పద్నాలుగేళ్ల పిల్లలు ఐపీఎల్‌లో ఆడుతున్నారు, రేపటి మీ బాక్సులకి అప్పుడే పేర్లు సిద్ధమవుతున్నాయనిపిస్తోంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ఎవరో పద్దెనిమిదేళ్లవాణ్ని ఇన్ని కోట్లకు కొన్నారని వార్త వేసినప్పుడు, అతను అప్పటికి ఎన్ని మ్యాచ్‌లు ఆడాడో, వెళ్లే జట్టులో ఆ స్థానంలో ఇంకెవరున్నారో కూడా రెండు వాక్యాలు వేయండి. ‘ఏమయ్యాడు?’ అని పదేళ్ల తర్వాత రాసేటప్పుడు గాయాల చిట్టా ఒకసారి చూడండి. చోటు లేక ఈ లేఖ తగ్గించాల్సి వస్తే రాయుడి సంగతి తీసేసినా ఫర్వాలేదు, లిల్ టైటిల్ సంగతి మాత్రం దయచేసి కోయకండి.

— మీ ఆటల పేజీ పాత పాఠకుడు, కాకినాడ