ఎవరి కోసం వచ్చావని అడుగుతారు

నిషి-కాసాయి, టోక్యో
ఆదివారం రాత్రి

నాన్నా, అమ్మా,

నేను బాగున్నాను. జలుబు పూర్తిగా తగ్గింది. కరివేపాకు కారం మొన్నటితో అయిపోయింది, చింతకాయ పచ్చడి ఇంకా సగం సీసా ఉంది. ఆఫీసు బాగానే నడుస్తోంది. ప్రాజెక్టు మార్చి దాకా పొడిగించారు. దాని గురించి ఇంతకంటే రాసేదేం లేదు.

తుఫాను అన్నారు కదా, చేలో నీళ్లు తీశాయా? ఫోన్లో అడిగితే "ఆ, తీశాయిలే" అంటారు ఇద్దరూ. నిజం చెప్పండి.

ఈ పార్సెల్లో మోకాలి బెల్టు అమ్మకి. మెట్లు ఎక్కేటప్పుడే కాదు, పొయ్యి దగ్గర నిలబడ్డప్పుడు కూడా పెట్టుకో. పచ్చ కవరు చెల్లిది, విప్పొద్దు. ఆరు సీడీలు నాన్నవి. వాటి సంగతి ఫోన్లో రెండుసార్లు చెప్పబోయి ఆగిపోయాను. అందుకే ఈ కాగితం.

అమ్మా, ముందు నీకు. "రాత్రిళ్లు ఆ నేలమాళిగల్లో నీకేం పని" అని పోయిన వారం నువ్వు అడిగాక నాకు నిద్ర పట్టలేదు. పిన్నివాళ్లబ్బాయి ఫొటో చూపించి ఉంటాడు. ఆ చీకటి, ఆ ఎర్ర లైట్లు చూసి నువ్వేం అనుకున్నావో నాకు తెలుసు. ఈ ఊళ్లో ఇంటికీ ఇంటికీ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉండదు. డ్రమ్ములు వాయించాలంటే నేల కిందికి దిగాల్సిందే, పైవాళ్లకి వినపడకుండా. లైవ్ హౌస్ అంటారు వాటిని, చిన్న చిన్న బ్యాండ్లు వాయించే హాళ్లు. సాయంత్రం ఏడింటికి మొదలై పదింటికల్లా అయిపోతుంది. రైళ్లు అర్ధరాత్రి దాకా ఉంటాయి. నాలాగే ఒంటరిగా వచ్చే ఆడపిల్లలు సగం మంది ఉంటారు, బ్యాగు కాళ్ల దగ్గర పెట్టుకుని నిలబడి వింటారు. టిక్కెట్టుతో పాటు ఒక డ్రింకు కొనడం తప్పనిసరి, 600 యెన్లు. డ్రింకు అనగానే కంగారు పడకు, నేను తాగేది చల్లటి ఊలాంగ్ టీ. చాలాచోట్ల హోటలు లైసెన్సు మీద నడుపుతారట, అందుకని ఆ నియమం. అన్నీ కలిపి మూడు వేల యెన్ల లోపే, మన లెక్కలో పదిహేడు వందలు. నెలకి రెండుసార్లు. మిగతా డబ్బు ఎటు పోతోందో నీకు తెలుసు, ఇంటికే వస్తోంది.

నాన్నా, ఇప్పుడు నీకు. ఆ హాళ్ల గుమ్మం దగ్గర అడిగే ప్రశ్న సంగతి.

పోయిన నవంబర్లో షిమోకితజావా అనే పేటకి వెళ్లాను. షిబుయా నుంచి రైల్లో నాలుగైదు నిమిషాలు. ఇరుకు సందులు, పాతబట్టల కొట్లు, కర్రీ రైస్ హోటళ్లు, వాటి మధ్య అక్కడక్కడా నేల కిందికి దిగే మెట్లు. వాన పడుతుంటే ఒక మెట్ల దగ్గర నిలబడ్డాను. గోడ నిండా చేత్తో గీసిన పోస్టర్లు. కింద డ్రమ్ము మోగుతుంటే అరికాళ్లకి తెలుస్తోంది. దిగాను. బల్ల దగ్గర కూర్చున్న అబ్బాయి డబ్బులు తీసుకునే ముందు అడిగాడు, "ఈరోజు ఎవరిని చూడ్డానికి వచ్చారు?" అని. ఐదు బ్యాండ్ల పేర్లున్న కాగితం నా ముందుకి జరిపాడు. ఒక్క పేరూ నాకు తెలీదు. ఎవరి కోసమూ కాదన్నాను. తల వంచి టిక్కెట్టు ఇచ్చాడు.

ఊరికే మర్యాదకి అడిగాడనుకున్నాను. మా టీములో ఒకావిడ కాలేజీ రోజుల్లో బేస్ గిటార్ వాయించేదట, ఆవిడ చెప్పింది అసలు సంగతి. చిన్న బ్యాండుకి హాలు వాళ్లు ఇన్ని టిక్కెట్లు అమ్మాలని ఒక కోటా పెడతారు. నోరుమా అంటారు దాన్ని. ఇరవై టిక్కెట్లు, ఒక్కోటి 2,000 యెన్లు అనుకో. ఎనిమిది మందే వస్తే మిగతా పన్నెండు టిక్కెట్ల డబ్బు, 24,000 యెన్లు, వాయించినవాళ్లే జేబులోంచి కట్టాలి. కోటా దాటితేనే పైన వచ్చినదాంట్లో వాళ్లకి వాటా. అందుకే గుమ్మం దగ్గర ఆ ప్రశ్న. నువ్వు ఏ పేరు చెబితే ఆ పేరు కింద ఒక గీత పడుతుంది. మనం నాలుగు నిలువు గీతలు గీసి అడ్డంగా ఒకటి కొడతామే, వీళ్లు అలా కాకుండా ఐదు గీతలుండే ఒక అక్షరం రాస్తారు, మనిషికో గీత. "ఎవరి కోసమూ కాదు" అన్న రోజు నా గీత ఎవరికీ పడలేదు. ఆ రాత్రి నాకు నచ్చింది రెండోసారి ఎక్కిన ముగ్గురు కుర్రాళ్లు. వాళ్ల పేరు కింద ఎన్ని గీతలున్నాయో ఇప్పటికీ తెలీదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు టౌన్లో హాలు అద్దెకి తీసుకుని మీ నాటక సమాజం వాళ్లు టిక్కెట్టు నాటకం వేశారు చూడు. ముందు రెండు వరసలే నిండాయి. లైటింగ్ వాళ్లకి ఇవ్వడానికి నువ్వు మినుముల డబ్బు తీశావు. అమ్మ నాలుగు రోజులు నీతో మాట్లాడలేదు. నేనూ అమ్మ వైపే ఉన్నాను. హార్మోనియం మీద పుస్తకాలు పెట్టి, తియ్యనని మొండికేశాను. నీకు గుర్తుందో లేదో. నాకు మాత్రం నోరుమా గురించి విన్న సాయంత్రం రైల్లో అంతా అదే గుర్తొచ్చింది.

అమ్మా, నిన్ను తప్పు పట్టి రాయడం లేదు. ఆ ఏడు మినుములు ఎంతకి అమ్మారో, ఫీజులెలా కట్టావో నాకు తెలుసు.

కోయెంజీ అని ఇంకో పేట ఉంది. మా నిషి-కాసాయిలో ఎక్కితే, మితాకా వెళ్లే బండి అయితే, మారకుండా దిగొచ్చు. మొదటిసారి అది తెలీక షింజుకు వెళ్లి నారింజ రంగు బండి ఎక్కాను. శనాదివారాల్లో అది కోయెంజీలో ఆగదు, ఒగికుబో దాకా పోయి వెనక్కి వచ్చాను. ఆగస్టు చివర అక్కడ అవా ఒదోరి అని వీధి నాట్యం ఉంటుంది, 1957 నుంచి చేస్తున్నారట. డప్పులు, వేణువులు, తాళాలు, జనం. మన తిరునాళ్ల గాలే.

ఆ కోయెంజీలోనే జూన్‌లో ముగ్గురమ్మాయిల బ్యాండు చూశాను. హాల్లో నాతో కలిపి 11 మంది. ఒకమ్మాయి డ్రమ్ములు, ఒకమ్మాయి గిటారు. మూడో అమ్మాయి చేతిలో హార్మోనియంకి ఉన్నట్టు మెట్లున్న చిన్న పెట్టె, దానికి ఒక గొట్టం, గొట్టం చివర ఆమె నోట్లో. ఊదుతూ మెట్లు నొక్కుతోంది. పియానికా అంటారట, ఇక్కడ ప్రైమరీ స్కూలు పిల్లలు నేర్చుకునేదే. లోపల ఉండేవి రీడ్లే నాన్నా, నీ పెట్టెలో ఉన్నలాంటివే. నువ్వు ఎడమచేత్తో తిత్తి ఆడించి ఇచ్చే గాలిని ఆ పిల్ల తన ఊపిరితో ఇస్తోంది. పద్యం ఎత్తుకునే ముందు నువ్వు శ్రుతి పట్టి కాసేపు అలాగే నిలబెడతావే, అలా ఒక్క స్వరం మీద నిలబెట్టింది. ఊపిరి అయిపోయే దాకా. నాకు మన అరుగు, దోమలు, నీ పక్కన స్టూలు మీద చల్లారిపోయిన టీ గ్లాసు, అన్నీ వచ్చేశాయి.

ఇక్కడ పాట మధ్యలో ఎవరూ అరవరు. అయ్యాక కూడా ఒక్క క్షణం నిశ్శబ్దంగా ఉండి అప్పుడు చప్పట్లు కొడతారు. నాకు వన్స్‌మోర్ అని అరవాలనిపించింది. కుదరదు, బ్యాండుకి అరగంటే, వెనక ఇంకొకళ్లు కాచుకుని ఉంటారు.

అయిపోయాక వాళ్లే బల్ల వేసుకుని సీడీలు అమ్ముకుంటారు. 500 యెన్లు. అట్ట కత్తెరతో కత్తిరించింది, పాటలు చేత్తో రాసినవి. మా నాన్న హార్మోనియం వాయిస్తాడని చెప్పి ఫోన్లో నీ వీడియో చూపించాను, సంక్రాంతికి తీసింది. ముగ్గురూ తలలు దగ్గర పెట్టి చివరిదాకా విన్నారు. నీ కుడిచేతి వేళ్లు చూపించి ఆ పిల్ల ఏదో గబగబా అంది, నాకు సగమే అర్థమైంది. మళ్లీ మొదటి నుంచి పెట్టమంది.

అప్పటి నుంచి వాళ్లెక్కడ వాయించినా వెళ్తున్నాను. గుమ్మం దగ్గర వాళ్ల పేరు చెబుతాను. సెప్టెంబర్లో పక్క బిల్డింగ్ విజయవాడ అమ్మాయిని, వాళ్లాయన్ని కూడా తీసుకెళ్లాను, పేరు ముందే పలికించి. మూడు గీతలు పడ్డాయి. వాళ్లాయన బయటికొచ్చి చెవులు రుద్దుకుంటూ "బాగుంది, కానీ ఇంత మోతా" అన్నాడు. నిన్న వాళ్లంతట వాళ్లే వచ్చారు, ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని. ఇక్కడి మనవాళ్ల గ్రూపులో శుక్రవారం శుక్రవారం ఒక బ్యాండు పాట పెడుతున్నాను. వినేవాళ్లు తక్కువే. వినని వాళ్ల మీద నాకు కోపం లేదు, కానీ పెట్టడం మానను.

సీడీల మీద పేర్లు తెలుగులో రాశాను. మొదటిది కికగాకు మొయొ అనే బ్యాండుది. 2012లో ఈ ఊళ్లోనే మొదలైంది, తొలిరోజుల్లో వీధుల్లో వాయించేవాళ్లు. వాళ్లలో సితార్ వాయించే అతను మన దేశం వచ్చి మణిలాల్ నాగ్ అనే సితార్ విద్వాంసుడి దగ్గర నేర్చుకున్నాడు. ఎవరి కోసమూ ఆగకుండా 2014లో సొంతంగా ఒక లేబుల్, అంటే పాటలు విడుదల చేసే కంపెనీ, పెట్టుకున్నారు, గురుగురు బ్రెయిన్ అని, తమ పాటలతో పాటు వేరేవాళ్లవీ తెచ్చారు. 2022లో ఆపేశారు. నేను వచ్చింది 2023లో, ఒక్క ఏడాది తేడాలో పోయింది. రెండోది అదే లేబుల్ నుంచి వచ్చిన మినామి డాయిచ్. ఒకే నడక పది నిమిషాలు మారదు, భజనలో చిరతలు పడుతున్నట్టు ఉంటుంది. విసుగనిపిస్తే ఆపెయ్యకు, ఐదో నిమిషం దాకా ఉండు. మిగతా నాలుగూ చిన్నవాళ్లవి, కొట్లో దొరకవు, వాళ్ల చేతుల మీదుగా కొన్నవి. గీతలు పడనీయకు.

గుంటూరు సంబంధం వాళ్లకి దీపావళి దాకా ఏమీ చెప్పొద్దు. ఫొటో చూశాను. వద్దనడం లేదమ్మా. ఒకసారి నేను మాట్లాడాక చెబుతాను, మీ మీద అలిగి కాదు.

ఈసారి పంపిన డబ్బులో 15,000 హార్మోనియానికి. తిత్తి చిరిగి గాలి పోతోందని, రెండు మెట్లు పలకడం లేదని చెల్లి చెప్పింది, నువ్వు చెప్పలేదు. తెనాలి తీసుకెళ్లి బాగుచేయించు. అమ్మా, ఫ్రిజ్‌కి వేరే పంపుతాను, ఇందులోంచి తియ్యకు. బాగయ్యాక అరగంట వాయించి చెల్లి చేత రికార్డు చేయించు. ఆ పియానికా పిల్ల ఇప్పటికి రెండుసార్లు అడిగింది.

నాలుగో సీడీలో మూడో పాట. ముందు అది విను. ఫోన్లో వద్దు, ముందు గదిలో ఉన్న పెద్ద స్పీకర్లో పెట్టు.

మీ పెద్దమ్మాయి