ప్రకటన బొమ్మకు జానపద వీరపట్టమా?

సంపాదకుడు గారికి,

ఆ మధ్య మీ ఆదివారం పిల్లల పేజీలో వచ్చిన, అమెరికాలో చెట్లు నరికే వీరుడిగా చెప్పుకునే పాల్ బన్యన్ కథ గురించి ఈ ఉత్తరం. ఎవరైనా రాస్తారేమోనని చూశాను, ఎవరూ రాయలేదు. గొడ్డలి పట్టిన ఆ మహాకాయుడు, అతని నీలి ఎద్దు బేబ్, వాళ్ల అడుగుల గుంటలే మిన్నెసోటాలో పదివేల సరస్సులు కావడం, అంతా సరదాగానే ఉంది. పైన ‘శతాబ్దాల నాటి జానపద గాథ’ అని శీర్షిక పెట్టారు చూడండి, ఒళ్లు మండింది అక్కడే.

శతాబ్దాలా? కలప శిబిరాల్లో కూలీలు రాత్రిపూట కోతలు కోసుకున్న మాట నిజమే. కానీ డెట్రాయిట్ పత్రికలో జేమ్స్ మెక్‌గిలివ్రే ఆ కథలు రాసింది 1910లో. పాల్‌ను ఊరూరికీ చేర్చింది మాత్రం 1914 నుంచి రెడ్ రివర్ లంబర్ కంపెనీ తన కలప అమ్ముకోవడానికి పంచిన చిన్న పుస్తకాలు. ఇదంతా నకిలీ జానపదమని రిచర్డ్ డార్సన్ అనే పండితుడు 1950లోనే ఈసడించారు. మీకింకా కబురు అందినట్టు లేదు.

కంపెనీలకు పాల్ కన్నా మంచి పనివాడు ఎక్కడ దొరుకుతాడు? కూలి అడగడు, సమ్మె కట్టడు. నిజమైన కూలీలు 1917 జనవరిలో ఉత్తర మిన్నెసోటా శిబిరాల్లో సమ్మె కట్టారు, వాళ్లకు బొమ్మ పెట్టినవాళ్లు లేరు. నరికిన చెట్ల కొమ్మలూ తుక్కూ అడవిలోనే వదిలేసిపోతే, 1894లో అవే అంటుకుని మిన్నెసోటాలోనే హింక్లీ ఊరి పరిసరాల్లో నాలుగు వందల మందికి పైగా కాలిపోయారు. మీ పేజీలో ఆ ఊసే లేదు. అడవికి అడవే నరికేయడం ‘శ్రమకు ప్రతీక’ అట!

ఇక్కడి ఊళ్లూ తక్కువ తినలేదు. మిన్నెసోటాలోని బెమిడ్జిలో 1937లో పద్దెనిమిది అడుగుల పాల్ విగ్రహాన్ని నిలబెట్టారు. మెయిన్ రాష్ట్రంలోని బ్యాంగర్ పెద్దలు 1959లో ముప్పై ఒక్క అడుగులవాణ్ణి పెట్టుకుని, అతను మా ఊళ్లోనే పుట్టాడంటారు. పుట్టనివాడికి ఇన్ని పుట్టిళ్లు! మనవాళ్లూ ఆ కాళ్ల దగ్గర ఫొటోలు దిగి, పిల్లలకు అదే చరిత్రని చెబుతారు.

వాళ్లననీ ఏం లాభం? పిల్లల కోసం రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు సరిచూసుకునే అలవాటు ఒకప్పుడు మీ పత్రికకు ఉండేది. ఇప్పుడు ఇంటర్నెట్‌లో కనిపించినదాన్ని కనిపించినట్టే దించేస్తున్నారు. అదే పేజీ అడుగున బిస్కెట్ల కంపెనీ బొమ్మకు ‘ప్రకటన’ అని చిన్న అక్షరాల్లో వేశారు. పైనున్న కలప కంపెనీ బొమ్మకు కూడా ఆ ముక్క వేసి ఉండాల్సింది.

– ఒక పాత పాఠకుడు, మినియాపొలిస్