కోలా తిన్న చెట్టు, కుళ్ళు తిన్న చెట్టు

కవిటి

ఒరే శ్రీనూ,

ఎలా ఉన్నావురా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?

మా తోటలో ఒక కొబ్బరి చెట్టుకి మొవ్వుకుళ్ళు వచ్చింది. మొవ్వాకు వాడిపోయి, పట్టుకుని లాగితే ఊడొచ్చేసింది. ఒకటే కంపు. 2018లో తిత్లీ తుఫానుకి మన ఉద్దానంలో తోటలకి తోటలే పడిపోతే, నిలబడ్డ చెట్టురా అది! చాలా బాధగా ఉంది.

ఈలోగా మా గుంటడు కోలా అనే జంతువు గురించి ఎక్కడో చదివి, "అది కూడా ఈ తెగులులాగే చెట్టు మీదే ఉండి ఆకులు తింటుంది కదా, ఆ చెట్టెందుకు చావదు నాన్నా?" అన్నాడు. మంచి ప్రశ్న.

కోలా ఆస్ట్రేలియా జంతువు, పిల్లని పొట్ట దగ్గర సంచిలో పెంచుతుంది. తినేది దాదాపు నీలగిరి ఆకులే. ఆ ఆకులో విషం ఎక్కువ, సత్తువ తక్కువ, అందుకే రోజుకి 18 నుంచి 20 గంటలు పడుకునే ఉంటుంది. పిల్ల ఆకులు తినడం మొదలెట్టే ముందు తల్లి పేగుల్లోంచి వచ్చే మెత్తటి పదార్థం తింటుంది. ఆకుని అరిగించే సూక్ష్మజీవులు దానికి అలా అందుతాయి. ఇంతగా ఆ చెట్లకే అలవాటు పడ్డ జీవికి అవి పోతే బతుకే లేదు. విక్టోరియాలో కేప్ ఆట్వే దగ్గర కోలాలు మరీ ఎక్కువైపోయి చెట్లని బోడి చేసేస్తే, చెట్లూ చచ్చాయి, అవీ ఆకలితో చచ్చాయి. మామూలుగా అయితే నీలగిరికి ఆకులు పోయినా మానులోంచి మళ్ళీ చిగుళ్ళొస్తాయి.

కొబ్బరికి ఆ భాగ్యం లేదురా. ఉన్నది ఒక్కటే మొవ్వు, కొత్త ఆకు పుట్టేది అక్కణ్ణుంచే. మొవ్వుకుళ్ళు తెచ్చే ఫైటాఫ్తొరా పాల్మివోరా అనే సూక్ష్మజీవి సరిగ్గా అక్కడే పడుతుంది. చూడ్డానికి బూజులా ఉన్నా అది అసలు శిలీంధ్రం కాదట, సముద్రపు గోధుమ నాచుకి దగ్గర చుట్టం. వాన నీటిలో దాని బీజాలు తోకలతో ఈదుకుంటూ పోతాయి. కొబ్బరి చచ్చినా దానికి నష్టం లేదు, కోకో ఉంది, బొప్పాయి ఉంది, ఏదీ దొరక్కపోతే మందపాటి గోడల బీజాలై మట్టిలో కాచుకుని ఉంటుంది. చెట్టు బతకాలన్న అవసరమే దానికి లేదు. నా కోపమంతా అందుకే.

కుళ్ళిన భాగమంతా కోయించి, బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయించి, వాన నీళ్ళు దిగకుండా పైన పాలిథిన్ కట్టించాను. కోసినదంతా కాల్చేశాం. కొత్త ఆకు వస్తే చెట్టు దక్కినట్టే.

భోగాపురంలో నీ చెట్లకి కూడా మొవ్వులు చూపించు. వానలు ముదరకముందే ఒక శాతం బోర్డో మిశ్రమం కొట్టించు: వంద లీటర్ల నీళ్ళకి కిలో మైలుతుత్తం, కిలో సున్నం. ప్లాస్టిక్ డ్రమ్ములోనే కలపమను, ఇనప బకెట్టు వద్దు. చెట్టెక్కే మనిషి దొరక్కపోతే చెప్పు, ఇక్కణ్ణుంచి పంపిస్తాను.

నీ
రాము