మా అబ్బాయి పేరు అరవై శాతం కాదు, కలెక్టర్ గారూ

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం సార్.

ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడూ ఒడియాలో ఇచ్చాను. వానాకాలంలో ఒకటి, దసరా ముందు ఒకటి, సంక్రాంతి వెళ్ళాక ఒకటి. మూడింటి రసీదు ముక్కలూ పోపుల డబ్బా వెనక దాచి ఉంచాను. నాకు ఒడియా మాట్లాడడం వచ్చు గానీ రాయడం రాదు. కోర్టు ఎదుట చెట్టు కింద కూర్చుని దరఖాస్తులు రాసే ఆయన చేత రాయించాను. ఈమధ్య ఒకరి చేత చదివించుకుంటే తెలిసింది. "మా వాణ్ణి రోజూ క్లాసులో తిడుతున్నారు, వెక్కిరిస్తున్నారు" అని నేను చెబితే, "అనుచిత వ్యవహారం జరుగుతున్నట్టు తెలియవచ్చింది" అని ఆయన రాశాడట. తిట్టిన తిట్టు ఒక్కటి కూడా కాగితం మీదికి రాలేదు. అలాంటి కాగితం చదివి మీ ఆఫీసువాళ్ళకి కోపం రాలేదంటే పూర్తిగా వాళ్ళ తప్పు కాదేమో.

అందుకే ఈసారి నాకు వచ్చిన భాషలో నా చేత్తోనే రాస్తున్నాను. మీకు తెలుగు రాదని తెలుసు. చదివి చెప్పేవాళ్ళు మీ ఆఫీసులోనే ఉంటారు. పర్లాకిమిడి నుంచి కొరాపుట్ దాకా ఈ ఒడిశా సరిహద్దు ఊళ్ళలో తెలుగు తెలిసిన గుమాస్తా ఒక్కడైనా లేని ఆఫీసు నేను చూడలేదు.

మా వాడు అయిదో తరగతి చదువుతున్నాడు. సెరెబ్రల్ పాల్సీ. ఎడమ చెయ్యి, ఎడమ కాలు బిగుసుకుని ఉంటాయి, మాట ముద్దగా వస్తుంది. బుర్ర మాత్రం బాగానే ఉంది. అడిగిన ప్రతివాళ్ళకీ ఈ మాట చెప్పి చెప్పి అలవాటైపోయింది. బుర్ర బాగా లేకపోయినా తిట్టకూడదు కదా అని నాకే ఈమధ్య తోచింది.

రెండేళ్ళ కిందట వాడికి యూడీఐడీ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు, చేయించాం. పెన్షన్‌కి అదే కావాలన్నారు, స్కూల్లో వచ్చే డబ్బులకీ అదే కావాలన్నారు. జిల్లా ఆసుపత్రికి మూడుసార్లు తిరిగాం. మొదటిసారి డాక్టర్ల బోర్డు కూర్చోలేదు. రెండోసారి ఎముకల డాక్టరు సెలవు. మూడోసారి అయింది. 40 శాతం దాటితే చాలని బయట అందరూ అంటుంటే, పడుతుందో లేదో అని టెన్షన్‌తో కూర్చున్నాను. 60 అని రాశారు. నేను సంతోషించాను సార్. కన్నకొడుక్కి అవకరం ఎక్కువ రాశారని సంతోషించిన తల్లిని నేను. ఇంటికొచ్చి మిఠాయి పంచలేదు, అంతే.

ఆ కార్డు జిరాక్సు స్కూలు అడిగితే ఇచ్చాను. అక్కడే పొరపాటు జరిగింది. కాగితం చేతికి తీసుకున్న మాస్టారు క్లాసు మధ్యలో నిలబడి పైకి చదివారట. "అరవై శాతమట రా వీడు. అంటే మనకి మిగిలింది నలభయ్యే." పిల్లలందరూ నవ్వారు. ఆ రోజు నుంచి మా వాడికి పేరు లేదు. హాజరు పిలిచేటప్పుడు "అరవై శాతం", బోర్డు దగ్గరికి రమ్మంటే "అరవై శాతం". తెలుగు పిల్లలు "ఒరే అరవై" అంటారు, ఒడియా పిల్లలు "సాఠియే" అంటారు. బడి బయట కూడా అదే. కిరాణా కొట్టులో ఒకాయన "మీ సాఠియే వచ్చి బిస్కెట్లు తీసుకెళ్ళాడమ్మా" అన్నాడు. పాపం ఆయనకి అది తిట్టని తెలీదు, అదే పేరనుకున్నాడు.

ఇవన్నీ నాకు మా వాడు చెప్పలేదు. పక్కింటి పిల్ల చెప్పింది. "అత్తా, వాణ్ణి సారు పేరు పెట్టి పిలవరు. నేను చెప్పానని ఎవరికీ చెప్పకు" అని మొదలుపెట్టి ఒక సాయంత్రమంతా చెప్పింది. వాడు చదవడానికి లేస్తే మాట వచ్చేదాకా సారు గోడ గడియారం చూస్తూ నిలబడతారట. తర్వాత "కూర్చో, నీ పాఠం అయ్యేసరికి నేను రిటైరైపోతాను" అంటారట. "బోకా" (మొద్దు), "పాగళ్" (పిచ్చోడు) అనేవి రోజూ ఉండేవే, వాటిని ఆ పిల్ల తిట్ల కింద లెక్కేయలేదు. ఒకరోజు పెద్దయ్యాక ఏమవుతారు అని అందర్నీ అడిగారట. మా వాడు కలెక్టర్ అన్నాడట. అది మీ ఉద్యోగం సార్. "సంతకం పెట్టేలోపు జిల్లా మునిగిపోతుంది" అన్నారట. మూడు దరఖాస్తుల మీదా ఇంకా సంతకం పడలేదు కనక, ఆలస్యం విషయంలో మా వాడేమీ తీసిపోడని నాకనిపించింది. తప్పుగా రాస్తే క్షమించండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది భోజనం సంగతి. వాడికి కుడిచెయ్యి బాగానే పనిచేస్తుంది గానీ మింగడం నెమ్మది. మెతుకులు ఒళ్ళో పడతాయి, నోటి పక్కన ఎంగిలి కారుతుంది. ఇంట్లో మేం ఎవరం అటు చూడం, వాడి తిండి వాడు తింటాడు. స్కూల్లో డాల్మా (కూరగాయలు వేసిన ఒడియా పప్పు) అన్నం పెట్టేవాళ్ళు, వాడికి చాలా ఇష్టం. ఇంటికొచ్చి నన్ను కూడా అలాగే చెయ్యమనేవాడు, నేను చేస్తే అలా రాలేదనేవాడు. దసరా సెలవుల తర్వాత సాయంత్రం వస్తూనే అన్నం గిన్నె దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఎదిగే పిల్లాడు కదా అనుకున్నాను. నాలుగు వారాలు అలాగే అనుకున్నాను, నా తెలివి అంతే. ఒకరోజు మధ్యాహ్నం ఏదో పని మీద స్కూలు వైపు వెళ్తే, అందరూ వరండాలో తింటున్నారు, వీడు బోరింగు దగ్గర ఒక్కడూ కూర్చున్నాడు. పళ్ళెం బోర్లించి ఉంది.

తర్వాత తెలిసింది. గుడ్డు కూర పెట్టిన రోజు వాడు రెండోసారి అన్నం అడిగాడట. పర్యవేక్షణకి నిలబడ్డ మాస్టారు, "చదువుకి అరవై తక్కువ, తిండికి మాత్రం నూటికి నూరు" అన్నారట. వడ్డించే ఆమె కూడా నవ్విందట. ఆమెను నేను తప్పుపట్టను, మాస్టారు నవ్వితే వంటామె నవ్వక ఏం చేస్తుంది. ఆ రోజు నుంచి మా వాడు స్కూల్లో అన్నం ముట్టలేదు. ఉదయం ఎనిమిదింటికి తిన్న రెండిడ్లీలతో సాయంత్రం దాకా ఉంటున్నాడు. రిజిస్టర్లో మాత్రం రోజూ వాడి భోజనం పడుతోంది, హెడ్మాస్టరు గారే చూపించారు. ఇప్పటికి నాలుగు నెలలు. డబ్బా కట్టిస్తానంటే "అందరూ చూస్తారు" అంటున్నాడు.

హెడ్మాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. మంచాయనే, కుర్చీ వేయించారు. "సరదాకి అంటారమ్మా, మనసులో ఏమీ పెట్టుకోరు" అన్నారు. "చెయ్యి చేసుకోలేదు కదా" అన్నారు. రెండోసారి వెళ్తే, "ఇంట్లోనే ఉంచండి, రిసోర్స్ టీచర్ ఇంటికొచ్చి చెప్తుంది, మీకూ తిరుగుడు తప్పుతుంది" అన్నారు. రిసోర్స్ టీచర్ అంటే ఇలాంటి పిల్లలకి చెప్పడానికి స్కూళ్ళు తిరిగే అమ్మాయి. నడిచి బడికి వెళ్ళగలిగిన పిల్లవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి, తిట్టిన ఆయన్ని బడిలో ఉంచడం! మూడోసారి ఆఫీసు గదిలో ఇంకో ఆయన, "మీ ఆంధ్రాలో మంచి స్కూళ్ళున్నాయటగా, అక్కడికి తీసుకుపోవచ్చుగా" అన్నారు. మా ఆంధ్రా ఎక్కడుంది సార్? 1936లో ఒడిశా వేరు చేసినప్పుడు మా తాతగారు ఈ ఊళ్ళోనే నాగలి పట్టుకుని ఉన్నారు. గీత మా ఇంటికి అవతల పడింది, మేం ఎక్కడికీ కదల్లేదు.

మా బంధువులు కూడా ఇది తెలుగువాళ్ళమని చేస్తున్నారంటారు. కాదు. మొట్టమొదట "అరవై శాతం" అన్న మాస్టారు తెలుగాయనే. మా వీధికి రెండు వీధుల అవతల ఉంటారు. కిందటేడు వాడికి చెప్పిన దిది (టీచరమ్మ) ఒడియా ఆవిడ, తెలుగు ముక్క రాదు. వాడు చదివేటప్పుడు వేలితో లైను పట్టుకుని, ఎంతసేపైనా ఆగేది. ఆవిడకి బదిలీ అయిపోయింది. తిట్టిన ఆయనకి కాలేదు.

రెండో దరఖాస్తు తర్వాత విచారణకి ఒకాయన్ని పంపారు, అందుకు కృతజ్ఞతలు. ఆయన వస్తున్నట్టు స్కూలుకి రెండు రోజుల ముందే తెలిసింది, నాకు వచ్చి వెళ్ళాక తెలిసింది. క్లాసులో నిలబడి, పక్కన ఆ మాస్టారు ఉండగానే, "ఇతన్ని ఎవరైనా తిట్టారా?" అని పిల్లల్ని అడిగారట. లేదు సార్ అన్నారట. ఇంకేమంటారు? తర్వాత మా వాణ్ణి లేపి అడిగారట. మామూలుగానే వాడికి మాట రావడానికి టైం పడుతుంది. నలభై మంది చూస్తుంటే, తిట్టినాయన చేతులు కట్టుకుని నిలబడి ఉంటే ఎలా వస్తుంది? నోరు తెరిచి నిలబడ్డాడట. "విద్యార్థి ఏ ఫిర్యాదూ చేయలేదు" అని రాసుకున్నారు. నాకు వచ్చిన జవాబు కాగితంలో విషయం అన్న చోట ఏముందో తెలుసా సార్? "60 శాతం దివ్యాంగ విద్యార్థికి సంబంధించి." కాగితం మొత్తం వెతికించాను. వాడి పేరు ఎక్కడా లేదు. మాస్టారు అన్నదే మీ వాళ్ళు టైపు కొట్టి స్టాంపు వేశారు.

ఆ మాస్టారు మా వాణ్ణి పేరుతో పిలిచిన రోజు ఒకటుంది, అబద్ధం ఎందుకు. డిసెంబర్ 3న దివ్యాంగుల దినోత్సవం. స్టేజీ మీద వాడికి పూలదండ వేశారు, దుప్పటి ఇచ్చారు, మైకులో ఇంటిపేరుతో సహా పిలిచారు. ఆ మాస్టారే భుజం మీద చెయ్యి వేసి ఫోటో దిగారు. ఆ ఫోటో హెడ్మాస్టరు గారి గదిలో ఉంది. దుప్పటి బాగుంది సార్, వెచ్చగా ఉంది.

చట్టాలు మీకు నేను చెప్పేంతదాన్ని కాను. మా మరిది ఫోన్లో వెతికి చదివి వినిపించాడు. 2009 విద్యా హక్కు చట్టం 17వ సెక్షన్లో దెబ్బలే కాదు, మానసికంగా వేధించడం కూడా నిషేధమని ఉందట. మరి హెడ్మాస్టరు గారు "చెయ్యి చేసుకోలేదు కదా" అని ఏ చట్టం చూసి అన్నారు? 2016 దివ్యాంగుల చట్టం 92వ సెక్షన్లో, అందరి ఎదుటా కావాలని అవమానిస్తే ఆరు నెలలకి తగ్గకుండా అయిదేళ్ళ దాకా జైలట. అదే చట్టం 7వ సెక్షన్లో వేధింపుల గురించి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కి చెప్పుకోవచ్చని ఉందట. జిల్లా మేజిస్ట్రేట్ కూడా మీరేనన్నాడు మా మరిది. అంటే నేను సరైన చోటికే మూడుసార్లు వచ్చాను.

ఆయన్ని జైల్లో పెట్టమని నేను అడగడం లేదు. ఆయనకీ పిల్లలున్నారు. (బోరింగు దగ్గర వాణ్ణి చూసిన రోజు మాత్రం పెట్టాలనే అనిపించింది.) ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని 2021లో సుప్రీంకోర్టు చెప్పిందట. అది కూడా ఇప్పుడే అడగను. మా రిసోర్స్ టీచర్ అమ్మాయి ఎన్ని స్కూళ్ళు తిరుగుతుందో, స్కూటీ పెట్రోలుకి ఎంత ఖర్చు పెట్టుకుంటుందో నాకు తెలుసు. ఆయన ఆ మాట మానాలి. మళ్ళీ విచారణ చేయించండి, ఆయన లేని చోట, నన్ను పిలిచి. పిల్లల్ని విడివిడిగా అడగండి, పక్కింటి పిల్ల చెప్తానంటోంది. హాజరు పేరుతో పిలవాలి. వాడు మళ్ళీ బడిలో అన్నం తినాలి. ఇది ఎలా చేయిస్తారో నాకు తెలీదు, మీకు తెలుస్తుందని రాస్తున్నాను.

వచ్చే సోమవారం మీరు ఫిర్యాదులు వినే గ్రీవెన్స్‌కి వాణ్ణి తీసుకొస్తున్నాను. మా ఊరి నుంచి మొదటి బస్సు ఎనిమిదిన్నరకి, అక్కడికి చేరేసరికి పదిన్నర దాటుతుంది. పోయినసారి టోకెన్లు అయిపోయాయని వెనక్కి పంపేశారు. ఈసారి ఒక్క టోకెన్ ఉంచమని మీ గుమాస్తాకి చెప్పండి. నలుగురూ చదివే ఉత్తరం కనక వాడి పేరు ఇందులో రాయలేదు. నా మూడు దరఖాస్తుల్లోనూ మొదటి వరుసలోనే ఉంది. అవి దొరక్కపోతే వాణ్ణే అడగండి. చెప్పడానికి కొంచెం టైం పడుతుంది, మధ్యలో మీరు అందించకండి.

ఇట్లు,
అయిదో తరగతి పిల్లవాడి తల్లి