నవంబర్ 1 కింద యానాం ఏది?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో 'చరిత్రలో ఈ రోజు' నేను రాశిఫలాల కంటే ముందు చదువుతాను. నవంబర్ 1 నాటిది చూశాక మాత్రం ఉత్తరం రాయక తప్పలేదు. 1956లో ఆంధ్రప్రదేశ్, కేరళ, 1966లో హర్యానా, 2000లో ఛత్తీస్‌గఢ్ అని వరసగా వేసి వదిలేశారు. ఎలా ఏర్పడ్డాయో ఒక్క ముక్క లేదు.

దాని ఫలితం ఆ రోజే చూశాను. మా ఊరి సభలో ఒకాయన ఆ పేజీ పట్టుకుని, పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగంతో నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ వచ్చిందని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో దీక్షకు కూర్చుని, డిసెంబర్ 15 రాత్రి కన్నుమూశారు. ఆ త్యాగంతో వచ్చింది కర్నూలు రాజధానిగా 1953 అక్టోబర్ 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రం. హైదరాబాద్ రాష్ట్రంలోని తెలుగు జిల్లాలు కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది ఆ తర్వాత మూడేళ్లకు. అది కూడా రాష్ట్రాల పునర్విభజనకు వేసిన ఫజల్ అలీ కమిషన్ తెలంగాణను అప్పటికి విడిగానే ఉంచమన్నాక, ఆంధ్ర, తెలంగాణ నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం కుదిరాక. శ్రీరాములు గారికి దండ వేయడం తప్పని నేననను. తేదీ మాత్రం అది కాదు.

కేరళకూ మనకూ ఒకే తేదీ రావడం కాకతాళీయమేమీ కాదు. రాష్ట్రాల పునర్విభజన చట్టం దేశమంతటా అమల్లోకి వచ్చిన రోజది. చుట్టుపక్కల రాష్ట్రాల్లోని కన్నడ ప్రాంతాలు చాలావరకు మైసూరు రాష్ట్రంలో చేరిందీ ఆ రోజే. ఈ ఒక్క వాక్యం వేసి ఉంటే సరిపోయేది.

అన్నిటికన్నా నాకు బాధ కలిగించింది యానాం. మాది తాళ్లరేవు. బస్సెక్కితే కాసేపట్లో యానాం. నవంబర్ 1న అక్కడా జెండా ఎగురుతుంది, కానీ కారణం వేరు. 1954లో అదే తేదీన పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాం పాలన ఫ్రెంచివారి చేతుల్లోంచి మనకు వచ్చింది. అంతకుముందు అక్టోబర్ 18న పుదుచ్చేరి ప్రాంతంలోని కీళూరులో ఆ నాలుగు చోట్ల ప్రజాప్రతినిధులు ఓటేస్తే 178 మందిలో 170 మంది భారత్‌లో కలుస్తామన్నారు. తెలుగు మాట్లాడే ఊరు కదండీ, తెలుగు పత్రికలో ఒక్క వరస చోటు దొరకలేదా? సినిమా వాళ్ల పుట్టినరోజులకు మాత్రం నాలుగు వరసలు దొరికాయి.

ఫ్రాన్స్ చట్టప్రకారం ఆ ఊళ్లను పూర్తిగా అప్పగించింది 1962 ఆగస్టు 16న. ఈసారి ఆ తేదీకైనా యానాం పేరు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తాళ్లరేవు