నంబరు ఊళ్ల పక్కనుంచి ఒక జిరాక్స్ షాపువాడి ఉత్తరం

కేంద్ర హోంశాఖ కార్యదర్శి గారికి నమస్కారం.

మాది ఒడిశాలోని మల్కన్‌గిరి జిల్లా, మోటు దగ్గర. శబరి, సీలేరు కలిసేది ఇక్కడే. శబరి దాటితే ఛత్తీస్‌గఢ్, సీలేరు దాటితే ఆంధ్ర. దేశ సరిహద్దు ఎక్కడో దూరం. అయినా మావోయిస్టుల గొడవ వల్ల బీఎస్ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం) క్యాంపులు మా జిల్లాకు కొత్త కాదు.

నేను రాసేది నంబరు ఊళ్ల గురించి. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు కింద, తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలను కేంద్రమే తెచ్చి ఇక్కడి అడవిలో దింపింది. ఊళ్లకు పేర్లు పెట్టే ఓపిక కూడా లేకపోయింది. ఎంవీ (మల్కన్‌గిరి విలేజ్) అని రాసి పక్కన అంకె వేశారు. ఆ ఊళ్లవాళ్లు మా సంతలో తెలుగులోనే బేరమాడతారు.

మొన్న ఒక ముసలాయన వచ్చాడు. పాలిథిన్ కవర్లో ఇంకో కవరు, అందులో నాలుగు మడతల కాగితం. రాయపూర్ దగ్గర మానా శరణార్థుల క్యాంపులో వాళ్ల నాన్నకిచ్చింది. మడతల దగ్గర అక్షరాలు పోయాయి. మిషన్ మీద పెడితే చిరుగుతుందని ఫోన్‌తో ఫొటో తీసి ప్రింటిచ్చాను. మనవడు వేరే రాష్ట్రానికి కూలికి పోతే, అతని బెంగాలీ మాట విని అక్కడి పోలీసులు బంగ్లాదేశీ అని రెండ్రోజులు కూర్చోబెట్టారట.

విదేశీయుణ్ణి కాదని ఆ మనిషే నిరూపించుకోవాలని 1946 నాటి విదేశీయుల చట్టం అంది. 2025లో వచ్చిన కొత్త చట్టమూ అదే అంటోంది. సరే. కానీ ప్రభుత్వమే తెచ్చి దింపిన మనిషి ఎవరికి నిరూపించాలి?

బీఎస్ఎఫ్ మొదటి అధిపతి రుస్తంజీ గారి సర్వీసు మీకు నేను చెప్పక్కర్లేదు. రిటైరయ్యాక ఆయన బీహార్ జైళ్లలో విచారణ లేకుండా మగ్గుతున్నవాళ్ల గురించి పేపర్లో రాశారు. దాంతోనే 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు సుప్రీంకోర్టుకెక్కింది. మీరు అంత చేయక్కర్లేదు. కింది నుంచి ఫైళ్లు మోసుకుంటూ ఆ కుర్చీ దాకా వచ్చారు, పాత ఫైలు వెతికించడం మీకు లెక్కా? దండకారణ్య ప్రాజెక్టు రికార్డులు బయటికి తీయించి, ఎవరిని ఏ నంబరు ఊళ్లో దింపారో అన్ని రాష్ట్రాల పోలీసులకూ పంపండి. అనుమానమొస్తే ముందు అది చూడాలి, తర్వాతే కుర్రాణ్ణి అడగాలి.

స్కానింగుకు మనుషులు చాలకపోతే కబురు చేయండి. కరెంటు ఉన్నంతసేపూ నా మిషన్ ఖాళీయే.

ఇట్లు,
మోటు దగ్గరి జిరాక్స్ షాపువాడు