పద్మకి, ఆదివారం కూర్చోబోయే ఆరుగురి గురించి

అడయారు, చెన్నై

పద్మా,

ఫోన్ పెట్టేశాక కూడా నీ ప్రశ్నే బుర్రలో తిరుగుతోంది. "ఆరుగురు ఆడవాళ్ళు పోగయ్యారు, అందరిదీ రొమ్ము క్యాన్సరే, అందరూ తెలుగువాళ్ళే. కూర్చోబెట్టి ఏం మాట్లాడించాలే?" అన్నావు. ఫోన్లో చెబితే సగం గాల్లో పోతుంది, అందుకే కాగితం పట్టుకున్నా. తీరిగ్గా చదువు.

"ధైర్యంగా ఉండమ్మా" అనే మాటతో మాత్రం మొదలుపెట్టొద్దు. ఆ మాట వాళ్ళు రోజుకి పదిసార్లు వింటున్నారు. అది విన్నాక భయం బయటికి చెప్పుకోవడం ఇంకా కష్టమవుతుంది. "తర్వాతి ఇంజెక్షన్ ఏ తేదీ? వెంట ఎవరొస్తున్నారు? మధ్యాహ్నం భోజనం ఎక్కడ?" అని అడిగి చూడు. మాటలు వాటంతటవే వస్తాయి.

ఒక నోట్‌బుక్ కొను. ఒక్కొక్కరికీ ఒక పేజీ. కీమో చాలామందికి 21 రోజులకోసారి ఉంటుంది. ఇంజెక్షన్ వేసిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా పడిపోతాయి, అసలు జాగ్రత్త ఆ వారమే. ఆ తేదీలను ఎర్ర పెన్నుతో చుట్టు. జంటలు కట్టేటప్పుడు ఇద్దరి ఎర్రవారాలూ కలవకుండా చూడు. ఇంజెక్షన్ తేదీలు పది రోజులు ఎడంగా ఉన్నవాళ్ళని కలిపితే ఒకరు నీరసంగా పడుకున్నప్పుడు రెండోవాళ్ళకి ఫోన్ చేసి పలకరించే ఓపిక ఉంటుంది. ఆసుపత్రికి వెంట వెళ్ళే పని మాత్రం వైద్యం పూర్తయినవాళ్ళకే అప్పగించు.

జ్వరం విషయంలో మొహమాటం పనికిరాదు. డిజిటల్ థర్మామీటర్లో ఒక్కసారి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిందంటే రాత్రి రెండైనా సరే ఆసుపత్రికి బయల్దేరాలి. చాలామంది పారాసెటమాల్ వేసుకుని "పొద్దున చూద్దాంలే" అంటారు. మాత్రతో అంకె దిగుతుంది కానీ లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది, పొద్దుటికి పరిస్థితి చెయ్యి దాటొచ్చు. అందుకే ప్రతి ఇంట్లో తలుపు పక్కన ఒక సంచి తగిలించి ఉండాలి. అందులో ఫైలు, చివరి రక్తపరీక్ష కాగితం, ఆఖరి కీమో తేదీ, మందుల పేర్లు రాసిన చీటీ, ఫోన్ ఛార్జరు, కొంచెం డబ్బు పెట్టాలి. నెల్లూరు, గూడూరు నుంచి వచ్చి గది అద్దెకి తీసుకున్నవాళ్ళకి రెండు అరవ మాటలు కూడా నేర్పు. జ్వరం అంటే "కాచ్చల్", వేళ్ళు మొద్దుబారితే "మరత్తు పోచ్చు". అర్ధరాత్రి డ్యూటీ నర్సుకి తెలుగు రావాలని లేదు కదా.

మొద్దుబారడం అన్నానుగా, వారం వారం పక్లిటాక్సెల్ అనే కీమో మందు ఎక్కించుకునేవాళ్ళలో అది తరచుగా వస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి పట్టించుకోరు. జాకెట్టు హుక్కులు పెట్టుకోవడం కష్టంగా ఉందా, చెప్పు కాలి నుంచి జారినా తెలియడం లేదా అని నువ్వే అడుగు. ఉందంటే తర్వాతి డోసుకి ముందే డాక్టరుకి చెప్పించు, మోతాదు తగ్గించే వీలుంటుంది. వేడి గిన్నెలు గుడ్డతోనే పట్టుకోమను.

ఇక ఆపరేషన్ అయి, గాయం లోపల చేరే నీరు బయటికి తీసే ట్యూబుతో ఇంటికొచ్చినవాళ్ళు. ఇక్కడ మాటల కన్నా ఒకసారి చేసి చూపించడమే మేలు. హార్మోనియం తిత్తిలా మడతలున్న ప్లాస్టిక్ డబ్బా ఇస్తారు చూడు, దాన్ని చూసి చాలామంది హడలిపోతారు. చేతులు సబ్బుతో కడుక్కుని, ముందు ట్యూబు మీది క్లిప్పు మూయాలి. మూత తీసి నీరు కొలత కప్పులోకి ఒంపాలి. ఎన్ని ఎం.ఎల్., ఏ రంగు అన్నది తేదీతో రాసుకోవాలి. డబ్బాని గట్టిగా అణిచి, అణిచి ఉండగానే మూత పెట్టాలి. చివరగా క్లిప్పు తెరవాలి. పొరపాటు జరిగేది ఎక్కువగా ఈ చివరి రెండు దగ్గరే. డబ్బా అణగకపోతే పీల్చే బలం ఉండదు. క్లిప్పు తెరవడం మరిచిపోతే నీరంతా చర్మం కింద చేరి ఉబ్బుతుంది. మొదట ఎర్రగా వచ్చింది గులాబీ రంగుకి, తర్వాత పలచని పసుపుకి తిరగాలి. మళ్ళీ ఉన్నట్టుండి ఎర్రబడినా, చిక్కగా వాసన వచ్చినా సర్జన్‌కి ఫోన్ చెయ్యాలి. 24 గంటలకి 30 ఎం.ఎల్. లోపు, వరసగా రెండు రోజులు వస్తే సాధారణంగా ట్యూబు తీసేస్తారు. డబ్బా చేత్తో పట్టుకు తిరిగితే కుట్టు లాగుతుంది. పాత కాటన్ నైటీ చింపి జోలెలా పొడుగు పట్టీతో సంచి కుట్టి మెడకి వేస్తే ఆ బాధ ఉండదు. నీ కుట్టుమిషను ఇప్పుడు పనికొస్తుంది. నాలుగు కుట్టి ఉంచు, ఉతకాలి కదా.

చెయ్యి కదపడానికి భయపడితే భుజం బిగుసుకుపోతుంది. డాక్టరు సరేనన్నాక గోడకి ఎదురుగా నిలబడి, వేళ్ళతో చీమ పాకినట్టు పైకి పాకించాలి. ఆగిన చోట పెన్సిల్‌తో గీత, పక్కన తేదీ. గోడ మీద ఆ గీతలు రోజూ కాస్త కాస్త పైకెక్కడం చూస్తుంటే మనిషికి ఎంత ఊరటో!

తిండి సంగతి నీకు చెప్పేదేముంది. పోపు వాసనకే కడుపు తిప్పుతుంది కాబట్టి పొగలు కక్కే అన్నం కన్నా చల్లారిన పెరుగన్నం లోపలికి పోతుంది. నోరు పూసినప్పుడు గోంగూర పచ్చడి కంటికి కనపడకుండా దాచెయ్యి. పెద్ద గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళలో పావు చెంచా వంట సోడా, చిటికెడు ఉప్పు వేసి రోజుకి నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా భయమున్న విషయం. "ఆవిడకి ఏడాది పాటు ఇంజెక్షన్ అన్నారు, నాకెందుకు ఇవ్వలేదు? డబ్బుల్లేవనా?" అన్న ప్రశ్న నీ హాల్లో తప్పకుండా లేస్తుంది. కణాల మీద హెర్‌2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉన్నవాళ్ళకి (హెర్‌2 పాజిటివ్ అంటారు) దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ ఇంజెక్షన్ మూడు వారాలకోసారి ఏడాది పాటు ఇస్తారు, మధ్యలో గుండెకి ఎకో స్కానింగ్ తీస్తుంటారు. హార్మోన్ల వల్ల పెరిగే రకం, అంటే హార్మోన్ పాజిటివ్ వాళ్ళకి అయిదేళ్ళో పదేళ్ళో మాత్రలు. ఈ రెండు రకాలూ కానిది, ట్రిపుల్ నెగెటివ్ అయితే ఈ రెండు మందులూ పనిచేయవు. జబ్బు పేరొకటే, లోపలి రకాలు వేరు. మొదటి రోజే ఇది చెప్పెయ్యి. మందు మార్చమని గానీ, లక్ష్మణఫలం ఆకుల కషాయం తాగమని గానీ ఒకరికొకరు చెప్పకూడదని నియమం పెట్టు. కీమో మందులు చాలావరకు లివర్ మీదుగానే పోతాయి. దాని మీద ఇంకో తెలియని బరువు పడి పరీక్ష తేడా వస్తే తర్వాతి డోసు వాయిదా పడుతుంది.

ఈ నియమం నా సొంతం కాదు. 1952లో అమెరికాలో టెరీస్ లాసర్ అనే ఆవిడ రొమ్ము ఆపరేషన్ అయ్యాక, తనలాంటి వాళ్ళని ఆసుపత్రుల్లో పలకరించడం మొదలుపెట్టింది. అదే "రీచ్ టు రికవరీ" అయింది. అక్కడా వచ్చినవాళ్ళు అనుభవం చెబుతారు, వైద్యం మాత్రం చెప్పరు.

గుంపులో కూర్చుంటే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా అన్నా తలూపకు. 1989లో అమెరికాలో డేవిడ్ స్పీగెల్ అనే మానసిక వైద్యుడి బృందం, జబ్బు వేరే అవయవాలకి పాకిన 86 మందిని చూసి అలాగే రాసింది. 2001లో కెనడాలో అలాంటి 235 మందితో చేసిన పెద్ద అధ్యయనంలో ఆయుష్షులో తేడా కనపడలేదు, మనసులో బాధ, ఒంట్లో నొప్పి మాత్రం తగ్గాయి. బాగా కుంగిపోయినవాళ్ళకే ఎక్కువ మేలు జరిగింది. ఎందుకు చెబుతున్నానంటే, రేపు ఎవరికైనా జబ్బు తిరగబెడితే "నేను ధైర్యం కోల్పోయా, అందుకే" అని తనని తాను తిట్టుకోకూడదు. ఆ మాట నీ నోటితో ముందే చెప్పి ఉంచు. అలా తిరగబెట్టినవాళ్ళకి వేరే పూట కేటాయించు. మొన్ననే రిపోర్టు వచ్చిన అమ్మాయి ముందు వాళ్ళు నోరు విప్పలేరు. ఎవరైనా పోతే దాచొద్దు. ఆ వారం ముందుగా ఆ పేరు తలుచుకుని, ఏడవాలనిపించినవాళ్ళని ఏడవనిచ్చి, తర్వాత నోట్‌బుక్ తెరవండి.

రైలు సంగతి మరిచిపోయా. ఊళ్ళకి వెళ్ళొచ్చేవాళ్ళు ఆసుపత్రిలో రాయితీ సర్టిఫికెట్ అడగాలి. స్లీపర్లో, థర్డ్ ఏసీలో రోగికి టికెట్ పూర్తిగా ఉచితం, తోడు వెళ్ళేవాళ్ళకి 75 శాతం తగ్గుతుంది. ఒక జిరాక్స్ ఆ తలుపు పక్క సంచిలో పడెయ్యమను.

ఆదివారం నాలుగింటికి వస్తా. కొలత కప్పులు రెండు, పెన్సిళ్ళు ఆరు నేను తెస్తా. నువ్వు సంచులు కుట్టి ఉంచు, పట్టీ కొంచెం పొడుగ్గానే పెట్టు, ముడి వేసుకోవచ్చు.

నీ
లలిత